శ్రీనాథుని జీవితం: రాజ్యసంక్షోభాలు, ప్రభునిష్ఠ

క్రీ.శ. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత తెలుగుదేశానికంతటికీ ఒకే ప్రభువు, ఒకే రాజధాని అన్న స్థితి చెదిరిపోయింది. కాకతీయుల ఛత్రచ్ఛాయలో ఉండిన నేల మీద అనేక రాజ్యాలు తలయెత్తాయి. తీరాంధ్రంలో రెడ్డిరాజులు మొదట అద్దంకిని, తరువాత కొండవీటిని రాజధానిగా చేసికొన్నారు. ఆ వంశం నుండి చీలిన పాలన రాజమహేంద్రవరంలో వెలసింది. రాచకొండ, దేవరకొండలలో వెలమ ప్రభువులు బలపడ్డారు. పడమట బహమనీ సుల్తానులు, నైరుతిదిశను విజయనగర రాయలు, ఈశాన్యదిశను కళింగాధిపతులు ఈ చిన్న రాజ్యాలను నిరంతరం ఒత్తిడికి గురిచేస్తూ వచ్చారు. నేడు మిత్రులైనవారు రేపు శత్రువులయ్యేవారు. ఒక దుర్గంపై ఒకే తరంలో మూడు జెండాలు ఎగిరేవి. ఇట్టి కాలంలో పుట్టి, ఇన్ని ఆస్థానాల మధ్య సంచరించి, కవిసార్వభౌముడన్న పేరు గడించినవాడు శ్రీనాథుడు.

శ్రీనాథుడు భోగపరాయణుడని, ఏ రాజు కనకమిస్తే ఆ రాజును పొగిడిన ఆస్థానకవి అని ఒక అభిప్రాయం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అతని స్వాతంత్ర్యాన్ని, ధీరగుణాన్ని కీర్తించినవారు వేరొకవైపున ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ అతని స్వభావాన్ని మాత్రమే పరిశీలిస్తాయి. అతడు కొలిచిన రాజ్యాలు ఎట్లు నిలిచాయో, ఎట్లు కూలాయో దానితో చేర్చి చూచినప్పుడే ఆ కవి నిష్ఠ ఎవరిపట్ల, దేనిపట్ల నిలిచిందో తెలుస్తుంది.

శ్రీనాథుడు పధ్నాలుగవ శతాబ్ది చివరి పాదంలో జన్మించినట్లు సాహిత్యచరిత్రకారులు భావిస్తారు. అతని తల్లి భీమాంబ, తండ్రి మారయ. పాకనాటి నియోగి బ్రాహ్మణ కుటుంబం, భారద్వాజ గోత్రం. పితామహుడైన కమలనాభామాత్యుడు సముద్రతీరాన ఉన్న కాల్పట్టణానికి సంబంధించినవాడు, స్వయంగా కవి. ఆ తాతను శ్రీనాథుడు తన కృతులలో గౌరవంతో స్మరించాడు. రాచకార్యమూ కవిత్వమూ రెండూ అతనికి కులవిద్యలుగానే సంక్రమించాయి. మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి అతని తొలి రచనలు. రెండూ నేడు లభించడం లేదు. హాలుని ప్రాకృత గాథలను తెనిగించడానికి పూనుకొన్న యువకుని పాండిత్యం ఎంత విస్తృతమైనదో ఆ రెండవ గ్రంథనామమే చెబుతుంది.

కొండవీటి రాజ్యాన్ని 1386 నుండి 1402 వరకు కుమారగిరిరెడ్డి ఏలాడు. అతని బావ, మంత్రి అయిన కాటయవేముడు కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యానం రచించిన విద్వాంసుడు. కుమారగిరి తూర్పుసీమను కాటయవేమునికి ఇవ్వడంతో రాజమహేంద్రవర రాజ్యానికి పునాది పడింది. 1402లో పెదకోమటి వేమారెడ్డి కొండవీటి సింహాసనాన్ని అధిష్ఠించాడు. అప్పటి నుండి ఒకే వంశపు రెండు శాఖల మధ్య వైరం రగిలింది. కాటయవేముడు విజయనగరంతో వియ్యమంది ఆ అండను సంపాదించగా, పెదకోమటి వేముడు బహమనీల వైపు మొగ్గినట్లు చరిత్రకారులు చెబుతారు. బంధుత్వం ఒకవైపు, రాజనీతి మరొకవైపు లాగిన ఆ కాలంలో వంశమన్నది నిష్ఠకు ఆధారంగా నిలువలేకపోయింది.

ఈ పెదకోమటి వేముని ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. పండితులను పరీక్షించడం, సత్కారాలకు అర్హులను నిర్ణయించడం, రాజశాసనాలకు శ్లోకరచన చేయడం ఆ పదవికి చెందిన విధులు. వేమభూపతి దానశాసనరచయితగా తన పేరును, అధికారాన్ని శ్రీనాథుడు శాసనంలోనే నిలుపుకొన్నాడు. ప్రభువు సామాన్యుడు కాడు. సాహిత్యచింతామణిని, అమరుశతకానికి శృంగారదీపిక అన్న వ్యాఖ్యను రచించి, సర్వజ్ఞ చక్రవర్తి అన్న బిరుదు ధరించినవాడు. వామనభట్టబాణుడు సంస్కృత గద్యకావ్యంలో కీర్తించిన నాయకుడు. అటువంటి రాజు చెంత పండితపరీక్షకునిగా నిలబడడం పాండిత్యానికి కత్తిసాము వంటిది.

శ్రీహర్షుని నైషధీయచరితాన్ని శ్రీనాథుడు తెనిగించినది ఈ కాలంలోనే. విద్వదౌషధమని పేరుపడిన కావ్యాన్ని దేశభాషలోనికి తేవడం సాహసం. సంస్కృత సమాసాలను చాలాచోట్ల యథాతథంగా నిలిపి, తెలుగు క్రియలతో, తెలుగు నడకతో వాటిని ముడివేసిన తీరు అప్పటి పండితలోకంలో వివాదానికి తావిచ్చింది. ఈ గ్రంథాన్ని అతడు పెదకోమటి వేమునికి కాక, ఆ రాజు మంత్రి అయిన మామిడి సింగనకు అంకితమిచ్చాడు. కవి పదవి రాజుది, కావ్యం మంత్రిది. ఈ విషయాన్ని గుర్తుంచుకొనవలసి ఉంది.

1420లో పెదకోమటి వేముడు గతించాడు. తరువాత వచ్చిన రాచవేమారెడ్డి నాలుగేండ్లు మాత్రమే ఏలాడు. అతడు పురిటిసుంకం విధించాడని, దానికి ఆగ్రహించిన ఒక బంటు చేతిలో హతుడయ్యాడని కొండవీటి స్థానిక చరిత్ర చెబుతుంది. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించి, ఆ సీమ క్రమంగా విజయనగర సామ్రాజ్యంలో కలిసింది. ఒక శతాబ్దికాలం ఎర్రాప్రగడకు, శ్రీనాథునికి, మరెందరో విద్వాంసులకు అన్నం పెట్టిన వంశం ఒక్క తరంలో రూపుమాసిపోయింది. రాజ్యంతోబాటు విద్యాధికారి పదవి కూడా నశించింది. నడివయసులో శ్రీనాథునికి మొదటిసారిగా పరదేశిగా మరొక రాజద్వారం ముందు నిలువవలసిన అవసరం కలిగింది.

విజయనగరంలో అప్పుడు ప్రౌఢదేవరాయలు ఏలుతున్నాడు. తన రాజ్యాన్ని తనలో కలుపుకొంటున్న సామ్రాజ్యపు రాజధానికి కవి వెళ్ళవలసివచ్చింది. అక్కడి అనుభవాన్ని చెప్పే ఒక చాటువు తెలుగువారందరికీ పరిచితమే. తలపై కుళ్ళాయి పెట్టుకొని, కోక చుట్టుకొని, పెద్ద కూర్పాసం తొడిగి, వెల్లుల్లి, నువ్వులపిండి తిని, అంబలి త్రాగి, కన్నడ రాజ్యలక్ష్మిని దయచూపుమని ఆ పద్యంలో కవి వేడుకొంటాడు. హాస్యం పొంగే ఈ పద్యంలో ఒక గాఢమైన విషాదం కూడా ఉంది. సామ్రాజ్యం తన కొలువులో అడుగుపెట్టదలచిన పరాయివాని నుండి మొదట కోరినది కప్పాన్ని గాని, ప్రతిజ్ఞను గాని కాదు. తలపాగాను, ఉడుపును, ఆహారాన్ని మార్చుకొమ్మన్నది. కొండవీటి విద్వత్సభలో ఇతరుల యోగ్యతను నిర్ణయించినవాడు ఇక్కడ తన యోగ్యతను నిరూపించుకొనడానికి ముందు తన వేషాన్ని మార్చుకొనవలసివచ్చింది. అయినా పద్యం చివర అతడు మరువనిది ఒక్కటే: తన పేరు. శ్రీకి నాథుడైనవానిని రాజ్యలక్ష్మి ఎట్లు నిరాకరిస్తుందన్న శ్లేషతో, యాచనలోనే అధికారాన్ని స్ఫురింపజేశాడు.

అక్కడ గౌడ డిండిమభట్టుతో ఉద్భటమైన వాదం జరిగింది. జయించిన శ్రీనాథుడు భట్టు కంచుఢక్కను పగులగొట్టించాడు. ముత్యాలశాలలో టంకాలతో కనకాభిషేకం పొందాడు. సార్వభౌమ బిరుదు స్థిరపడింది. ఈ వృత్తాంతాలన్నీ చాటుపద్యాల ఆధారంగా తెలిసినవే కావచ్చు. అయినా కవిసార్వభౌమ నామం అతనితో అవిభాజ్యమైపోయినదన్నది నిర్వివాదం. సామ్రాజ్యం అతనికి బంగారాన్నిచ్చింది. అతడు సామ్రాజ్యం నుండి దాని పదజాలాన్నే గ్రహించాడు. భూమిని ఏలేవాడు సార్వభౌముడైతే, వాక్కును ఏలేవాడూ సార్వభౌముడే అన్న ప్రతిపత్తి అక్కడ సిద్ధించింది.

కనకాభిషేకం తరువాత కూడా శ్రీనాథుడు విజయనగరంలో స్థిరపడలేదు. అతడు రాచకొండ రావు సింగభూపాలుని సభకు వెళ్ళినట్లు చాటువులు చెబుతున్నాయి. ముత్యాలశాలలోని గౌరవాన్ని ఏకరువు పెట్టి, ఈ కొత్త సభలో తనను ఎట్లు మెప్పింపజేస్తావని శారదాంబను ప్రార్థించిన పద్యం ఆ సందర్భంలోనిది. రాచకొండ వెలమలకు, కొండవీటి రెడ్లకు తరతరాల వైరం. రణరంగంలో ఓడినవారి ఆయుధాలు, బిరుదాలు గెలిచినవారి కోటలకు చేరేవి. లింగమనేని వశంలో ఉండిన నందికంత పోతరాజు కటారిని శ్రీనాథుడు కవిత్వంతో తిరిగి సంపాదించాడన్న ఐతిహ్యం ఈ వైరానికి సంబంధించినదే.

సింగభూపాలుడు రసార్ణవసుధాకర కర్తగా ప్రసిద్ధుడు; అతడూ సర్వజ్ఞ బిరుదాంకితుడే. ఆ బిరుదు శివునికి, రావు సింగనికి మాత్రమే చెల్లుతుందని, మరొకరిని అట్లు పిలవడం కుక్కను ఏనుగనడం వంటిదని శ్రీనాథుడు చెప్పినట్లు ఒక పద్యం ప్రచారంలో ఉంది. గతించిన తన ప్రభువు పెదకోమటి వేముడు కూడా సర్వజ్ఞ చక్రవర్తియే అన్న విషయాన్ని కవి మరువలేడు. అందుచేత ఈ పద్యంలోని రావు అన్న పదాన్ని వంశనామంగాను, రావన్న నిషేధక్రియగాను విరిచి, స్తుతిలో నిందను ఇమిడ్చాడని సంప్రదాయజ్ఞులు వ్యాఖ్యానిస్తూ వచ్చారు. ఆ వ్యాఖ్య కవి ఉద్దేశమేనా అన్నది అటుంచినా, తరువాతి తరాలవారు ఆ పద్యాన్ని అట్లు చదువుకొనడం గమనింపదగినది. శత్రుసభలో నిలిచిన పండితుడు బ్రతుకుతెరువుకోసం ఒక అర్థాన్ని పైకి పలికి, పాతనిష్ఠను మరొక అర్థంలో దాచుకొనగలడని వారు విశ్వసించారు.

చివరకు శ్రీనాథునికి దీర్ఘకాలం నిలువనీడ దొరికినది రాజమహేంద్రవరంలో. కాటయవేముని అనంతరం అతని కుమార్తె అనితల్లి పక్షాన అల్లాడరెడ్డి ఆ రాజ్యాన్ని నిలబెట్టాడు. అతని కుమారుడు వీరభద్రారెడ్డి అనితల్లిని వివాహమాడి, అన్న వేమారెడ్డితో కలిసి పాలించాడు. పెదకోమటి వేమునితో పోరాడిన పక్షమిది. కొండవీటి విద్యాధికారి ఒకప్పటి శత్రుపక్షాన్నే ఆశ్రయించినట్లయింది. అయితే అప్పటికి కొండవీటి సింహాసనమే లేదు. ద్రోహం చేయడానికి ప్రభువూ లేడు. యుద్ధాలు పాతవైరాలను తుడిచివేయడమే కాక, ఆ వైరాలపై ఆధారపడిన విధేయతలను కూడా అర్థంలేనివిగా చేశాయి.

ఇక్కడి మంత్రి బెండపూడి అన్నయామాత్యునికి శ్రీనాథుడు భీమేశ్వరపురాణాన్ని అంకితం చేశాడు. అన్నయ పలుభాషల పండితుడని, పారసీక భాషలో కాగితాలపై లేఖలు వ్రాయగలవాడని కవి వర్ణించాడు. తాటాకు మీద గంటంతో పురాణం వ్రాసే కవి, కాగితం మీద సుల్తానుల భాషలో రాయబారం వ్రాసే మంత్రి ఒకే కృతిలో కలిసి కనబడడం ఆ యుగలక్షణం. చుట్టూ సామ్రాజ్యాలున్న చిన్నరాజ్యం భాషాజ్ఞానంతోనే తన ఉనికిని కాపాడుకొనవలసి ఉండేది.

ఈ కావ్యంలోనే శ్రీనాథుడు తన భాషను గూర్చి చేసిన ప్రసిద్ధమైన ప్రకటన ఉంది. ప్రౌఢిని చూచినవారు తన కవిత్వాన్ని సంస్కృతమంటారని, నుడికారాన్ని విన్నవారు తెలుగంటారని, ఎవరేమన్నా తనకు కొరత లేదని, తన కవిత్వం నిజానికి కర్ణాటభాష అని అతడు చెప్పుకొన్నాడు. తెలుగుకావ్యం వ్రాస్తూ దానిని కర్ణాటమనడం విమర్శకులను ఎంతో కాలంగా ఆలోచింపజేస్తున్నది. కర్ణాలలో ఆడే భాష అన్న శ్లేషార్థాన్ని కొందరు చెప్పారు. చారిత్రకంగా చూచినవారు మరొక సంగతిని గుర్తించారు. విజయనగర సింహాసనానికే కర్ణాట సింహాసనమని వ్యవహారం. ఆ సింహాసనం క్రింద కన్నడిగులు, తెలుగువారు, తమిళులు అందరూ ఉన్నారు. కాబట్టి కర్ణాటమన్న మాట ఒక భాషాపరిధిని దాటి సామ్రాజ్యపరిధికి విస్తరించింది. కాశీఖండ అవతారికలో కూడా శ్రీనాథుడు తనను కర్ణాటదేశ రాజధాని అనే తామరతోటకు సూర్యునిగా అభివర్ణించుకొన్నాడు. ఆ కావ్యం వెలసినది గోదావరీతీరాన, రెడ్డిరాజు కొలువులో. నివాసం ఒకచోట, గౌరవనామం మరొకచోట, కావ్యభాష ఇంకొకటి. నేటి కాలంలో ఒక్కటిగా భావింపబడే దేశ, భాషా, ప్రభుత్వ సంబంధాలు ఆనాటి కవిలో వేర్వేరు పోగులుగా ఉన్నాయి. నైషధాన్ని తెలుగుకావ్యంగా చాటుకొన్నవాడే తాను కర్ణాటుడననడంలో వైరుధ్యాన్ని చూడలేదు.

భీమేశ్వరపురాణంలోని వ్యాసవృత్తాంతం ఈ సందర్భంలో స్మరణీయం. కాశిలో భిక్ష దొరకక ఆకలిగొన్న వ్యాసుడు ఆ నగరాన్ని శపింపబోతాడు. అన్నపూర్ణ అన్నం పెడుతుంది. విశ్వేశ్వరుడు మాత్రం అతనిని కాశి విడిచి పొమ్మంటాడు. ప్రియమైన క్షేత్రాన్ని వదలలేక వదలి దక్షిణానికి వచ్చిన మహర్షికి దాక్షారామ భీమేశ్వరుడు ఆశ్రయమిస్తాడు. ఇది పురాణకథ, కవి ఆత్మకథ కాదు. కాని ఆకలి, ఆగ్రహం, బహిష్కరణ, కొత్తక్షేత్రంలో శాంతి అన్న క్రమాన్ని అంత ఆర్ద్రంగా చెప్పిన కవికి ఊరు విడిచిన బాధ తెలియనిది కాదు. రాజులు మారినా భీమేశ్వరుడు మారడు. దాక్షారామం, కాశి, శ్రీశైలం అన్న క్షేత్రాలు ఏ రాజ్యపు సరిహద్దులకూ లోబడని మరొక దేశాన్ని అతనికి ఏర్పరచాయి. ఆ శైవభూగోళమే శ్రీనాథుని స్థిరనివాసమని చెప్పవచ్చును.

అంకితాల పట్టికను ఒకసారి పరిశీలిస్తే ఈ కవి నిష్ఠాస్వరూపం మరింత స్పష్టమవుతుంది. శృంగారనైషధం మంత్రి మామిడి సింగనకు. హరవిలాసం వర్తకుడైన అవచి తిప్పయసెట్టికి. సింహళం నుండి ఏనుగులను, హురుమంజి నుండి గుర్రాలను, చీనా నుండి పట్టును తెప్పించిన వాణిజ్యకుటుంబం అది. భీమేశ్వరపురాణం మంత్రి అన్నయకు. కాశీఖండం వీరభద్రారెడ్డికి. శివరాత్రిమాహాత్మ్యం శ్రీశైలానికి సంబంధించిన ముమ్మడి శాంతయ్యకు. లభించిన ఈ అయిదింటిలో రాజు ఒక్కడే. పదునెనిమిదేండ్లు ఏలిన పెదకోమటి వేమునికి గాని, బంగారంతో అభిషేకించిన ప్రౌఢదేవరాయలకు గాని వీటిలో ఒక్కటీ అంకితం కాలేదు. సామ్రాజ్యాన్ని మెప్పించి బిరుదును తెచ్చుకొన్నవాడు కావ్యకన్యను మాత్రం తనకు పరిచితులైన రసజ్ఞులకే ఇచ్చాడు. ధనానికి అమ్ముడుపోయిన కవి అన్న మాట ఈ పట్టిక ముందు నిలువదు. అట్లని అతడు ధనాన్ని తిరస్కరించినవాడూ కాడు. భోగాన్ని కోరాడు, అనుభవించాడు, బాహాటంగా చెప్పుకొన్నాడు. అతని విధేయత వంశానికో, పతాకకో కాక, విద్యను గుర్తించిన వ్యక్తికి చెందినది.

ఈ విధమైన నిష్ఠకు ఒక బలహీనత ఉంది. అది నిలువడానికి అనేక ఆస్థానాలు కావాలి. ఒక సభ మూతపడితే మరొక సభ తెరిచి ఉండాలి. చిన్నరాజ్యాల మధ్య పోటీ ఉన్నంతకాలం కవికి గిరాకీ ఉంది. రాజులు భూమి కోసం పోరాడినట్లే విద్వాంసుల కోసమూ పోటీపడ్డారు. 1434 ప్రాంతంలో కళింగ సింహాసనాన్ని అధిష్ఠించిన కపిలేశ్వర గజపతి దక్షిణదిశకు విస్తరించాడు. 1448 ప్రాంతంలో రాజమహేంద్రవర రెడ్డిరాజ్యం అతని వశమైంది. తరువాత కొండవీడు కూడా గజపతుల ఏలుబడిలోకి వచ్చింది. శ్రీనాథుడు ఎరిగిన లోకంలోని మంత్రులు, దాతలు, రసికులు ఒకరి వెంట ఒకరు కనుమరుగయ్యారు.

ఈ దశను చెప్పే రెండు చాటువులు అతని జీవితానికి ఉపసంహారం వంటివి. కృష్ణాతీరాన బొడ్డుపల్లెలో వృద్ధకవి పొలం గుత్తకు తీసికొన్నాడు. పంటను కృష్ణవరద కొంత తీసుకొనిపోయింది. మిగిలిన నువ్వులను, పెసలను పక్షులు తిన్నాయి. ఏడువందల టంకాల పన్ను మిగిలింది. చెల్లించలేని కవిని ఎండలో నిలిపారు. కాళ్ళకు సంకెలలు, భుజాన నల్లగుండు మోయించారు. ఇది గజపతుల పాలనాకాలం నాటి సంగతిగా పండితులు భావిస్తారు. అధికారి దృష్టిలో అతడు నైషధకర్త కాడు, వీరభద్రారెడ్డి విద్వాంసుడు కాడు, సార్వభౌముడూ కాడు. బాకీపడిన గుత్తదారుడు మాత్రమే. చాటువులో ఆ పూర్వగౌరవాలన్నింటినీ ఒక్కొక్క శిక్షకు ఎదురుగా నిలిపి చెప్పడంలోని వేదన చదువరులకు తెలియనిది కాదు. టంకాలలో స్నానం చేసినవాడు టంకాలకే బందీ అయ్యాడు. కొత్త పాలకులు క్రూరులనడం కంటే, కొత్త పాలనకు పాతగౌరవాల జ్ఞాపకం లేదనడం న్యాయం. సామ్రాజ్యం సీమను జయించినప్పుడు భూమి లెక్కలు చేతులు మారుతాయి. ఒక సభ మరొక విద్వాంసునికి ఇచ్చిన మర్యాద మాత్రం ఆ లెక్కలలో చేరదు.

రెండవ చాటువు తన దాతల మరణాలను వరుసగా స్మరిస్తుంది. వీరారెడ్డి విశ్వేశ్వరునిలో కలిశాడు, వస్త్రాలిచ్చేవాడు లేడు. మైలారు విభుడు కైలాసానికి వెళ్ళాడు. దినవెచ్చం తీర్చేవాడు లేడు. తెలుంగురాయుడు లేడు, కస్తూరి ఇచ్చేవాడు లేడు. విస్సనమంత్రి స్వర్గస్థుడయ్యాడు, బంగారుపళ్ళెంలో అన్నం పెట్టే పంక్తి లేదు. భాస్కరుడు అంతకుముందే దేవుని చేరాడు. ఆ పట్టికలో రాజ్యాల పేర్లు లేవు. మనుషుల పేర్లే ఉన్నాయి. జీవితాంతంలో కవి లెక్కవేసుకొన్న నష్టం కొండవీడో, రాజమహేంద్రవరమో కాదు. తనను తానుగా గుర్తించిన కొద్దిమంది. ఈ పద్యాలు శ్రీనాథుని రచనలేనా అన్న సంశయం ఉన్నా, అతని కావ్యాల అంకితాలు చెప్పే సత్యానికి ఇవి విరుద్ధంగా లేవు.

మరణసమయంలో తాను అమరపురికి వెళుతున్నానని, దేవలోకపు కవీంద్రుని గుండె దిగ్గుమంటున్నదని చెబుతూ ఆ రెండవ చాటువే ముగుస్తుంది. సంకెలలు మోసిన వృద్ధుడు యాచకునిగా కాక ప్రతివాదిగా చివరి సభకు బయలుదేరాడు. కొండవీటి దుర్గం శిథిలమైంది. ముత్యాలశాల ఆనవాలు లేకుండా పోయింది. గజపతుల రాజ్యమూ కాలగర్భంలో కలిసింది. మంత్రి సింగన, వర్తకుడు తిప్పయ, అన్నయామాత్యుడు నేటికీ శృంగారనైషధ, హరవిలాస, భీమఖండాల అవతారికలలో నిలిచి ఉన్నారు. ఆశ్రయమిచ్చినవారికి ఆ కవి చెల్లించిన ఋణం అది.